గేపింగ్ గిల్: కొండలోకి దూకే వాగు వెంట మూడు రోజులు

ఇంగ్లండు ఉత్తరాన యార్క్‌షైర్ డేల్స్‌లో ఇంగిల్‌బరో అనే కొండ ఉంది. దాని వాలు మీద ఫెల్ బెక్ అనే చిన్న వాగు పారుతుంది. గొర్రెలు మేసే గడ్డినేల మధ్య ఒకచోట ఉన్నట్టుండి భూమి నోరు తెరుచుకుని ఉంటుంది, వాగు మొత్తం అందులోకి పడిపోతుంది. ఆ బిలమే గేపింగ్ గిల్. నీళ్ళు 98 మీటర్ల లోతుకు ఎక్కడా తెగకుండా దూకి ఒక పెద్ద భూగర్భ ఛాంబర్‌లో పడతాయి. ఇంగ్లండులో నేల మీద ఉన్న జలపాతాల్లో ఒకే దూకుడులో పడేవాటిలో పేరున్న హార్‌డ్రా ఫోర్స్ ఎత్తు 30 మీటర్లు. దానికి మూడింతలు ఇక్కడ భూమి లోపల ఉంది.

తాళ్ళ మీద దిగడం నేర్చినవాళ్ళు తప్ప మామూలు జనం దీని అడుగుకు చేరే అవకాశం ఏడాదిలో రెండే విడతలు. మే చివరి బ్యాంక్ హాలిడే (అక్కడి ప్రభుత్వ సెలవు) వారంలో బ్రాడ్‌ఫర్డ్ పాట్‌హోల్ క్లబ్, ఆగస్టు బ్యాంక్ హాలిడే రోజుల్లో క్రేవెన్ పాట్‌హోల్ క్లబ్ బిలం నోటి మీద వించ్ (తాడు చుట్టి బరువును దింపే, ఎత్తే యంత్రం) బిగించి, కుర్చీలో కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ కిందికి దింపుతాయి. పనిచేసేవాళ్ళంతా స్వచ్ఛందంగా వచ్చిన క్లబ్ సభ్యులే. తేదీలు, రుసుము, ముందే బుక్ చేసుకోవాలా, వచ్చినవారిని వచ్చినట్టు దింపుతారా అన్నవి ఏటా మారవచ్చు కాబట్టి ఆ ఏటి ప్రకటన చదవకుండా టికెట్లు కొనొద్దు.

ఒక్క రోజులో వెళ్ళి రాలేమా అంటే రావచ్చు. కానీ వాన పడితే వించ్ ఆగిపోతుంది. ఫెల్ బెక్‌కు నీళ్ళొచ్చే పైవాలు అంతా పీట్ (కుళ్ళిన మొక్కలు పేరుకున్న నల్లని) నేల, బంకమట్టి, షేల్ (బురద గట్టిపడి ఏర్పడిన) రాయి. ఇవి నీటిని లోపలికి పీల్చుకోవు. పడిన వాన పడినట్టే వాగులోకి జారి, కొద్ది గంటల్లోనే పొంగు బిలం నోటికి చేరుతుంది. క్లబ్ వాళ్ళు చిన్న అడ్డుకట్ట వేసి వాగును పక్క దారికి మళ్ళిస్తారు గానీ, ఆ కట్ట ఆపగలిగేది కొంతవరకే. అందుకే మూడు రోజులు పెట్టుకుని, దిగడం రెండో రోజుకు ఉంచి, మూడో రోజును ఖాళీగా వదలాలి. లీడ్స్ నుంచో మాంచెస్టర్ నుంచో కారులో వచ్చి, తడిసి, వించ్ ఆగిందని విని తిరిగిపోయేవాళ్ళంతా ఆ ఒక్క రోజూ ఉంచుకోనివాళ్ళే.

మొదటి రోజు: నీళ్ళు బయటికొచ్చే చోటు

క్లాపమ్ ఊరికి లీడ్స్ నుంచి రైలుంది. స్కిప్టన్ మీదుగా లాంకస్టర్, మోర్‌కమ్ వైపు వెళ్ళే బండి ఎక్కాలి. గంటా పావు ప్రయాణం. రోజుకు కొన్ని బళ్ళే ఉంటాయి, ఆదివారం ఇంకా తక్కువ. టికెట్ కొనేటప్పుడు జాగ్రత్త: లండన్‌లో క్లాపమ్ జంక్షన్ అనే పెద్ద స్టేషన్ వేరే ఉంది, కావలసింది నార్త్ యార్క్‌షైర్‌లోని క్లాపమ్. స్టేషన్ నుంచి ఊరు రెండు కిలోమీటర్ల దాకా ఉంటుంది. మధ్యలో ఏ65 రోడ్డు దాటాలి, వాహనాలు జోరుగా వస్తాయి. స్టేషన్ బయట టాక్సీలు కాచుకుని ఉండవు. కారులో వచ్చేవాళ్ళకు ఊళ్ళో నేషనల్ పార్క్ వాళ్ళ పే పార్కింగ్ ఉంది గానీ, వించ్ వారంలో పొద్దున్నే నిండిపోతుంది. బస కూడా ముందే చూసుకోవాలి. ఊరు చిన్నది, గదులు తక్కువ. ఇక్కడ దొరక్కపోతే ఇంగిల్టన్, సెటిల్ దగ్గర్లోనే ఉన్నాయి.

మధ్యాహ్నం బిలం వైపు పరుగెత్తొద్దు. ముందు నీళ్ళు బయటికొచ్చే చోటు చూడండి. ఊరి పై కొసన ఇంగిల్‌బరో ఎస్టేట్ నేచర్ ట్రైల్ మొదలవుతుంది. నడవడానికి కొద్దిపాటి రుసుము ఉంది. దారి విశాలంగా ఉంటుంది, ఎక్కుడు మెల్లగా ఉంటుంది. వాగుకు అడ్డుకట్ట వేసి ఫారర్ కుటుంబం కట్టించిన చెరువు పక్కగా వెళుతుంది. ఆ కుటుంబంలో పుట్టిన రెజినాల్డ్ ఫారర్ ఆసియా కొండల్లో తిరిగి మొక్కలు సేకరించినవాడు. దారి పక్కన రోడోడెండ్రాన్ పొదలు కనిపిస్తాయి. రెండు కిలోమీటర్లు నడిస్తే ఇంగిల్‌బరో కేవ్ వస్తుంది.

ఈ గుహ నోట్లో ఒకప్పుడు సున్నపు పేరుడు గోడలా అడ్డుగా ఉండి, వెనక నీళ్ళు నిలిచి ఉండేవి. 1837లో ఆ అడ్డును పగలగొట్టి నీటిని వదిలాక లోపలి దారి తెరుచుకుంది. ఇప్పుడు గైడుతో అర కిలోమీటరు లోపలికి వెళ్ళి రావచ్చు. నేల దాదాపు చదునుగా ఉంటుంది. సెలవులకు ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు మోకాళ్ళ నొప్పులుంటే వాళ్ళకు ఈ యాత్రలో తగిన చోటు ఇదే. రేపటి దారి వాళ్ళ చేత నడిపించవద్దు. లోపల ఏడాది పొడవునా ఎనిమిది, తొమ్మిది డిగ్రీల చలి ఉంటుంది. స్వెటర్, మూసిన బూట్లు తప్పనిసరి.

గుహ బయటే, కొద్ది అడుగుల దూరంలో, క్లాపమ్ బెక్ హెడ్ ఉంది. రాతి కింద నుంచి వాగు నిండుగా బయటికొస్తుంది. గేపింగ్ గిల్‌లో పడిన నీళ్ళే ఇవి. నీటికి ఎప్పటినుంచో తెలిసిన ఈ దారిని మనుషులు రెండు కొసలా కలిపింది 1983లో. అదీ మునిగిన సొరంగాల్లో ఈదిన కేవ్ డైవర్లు. గేపింగ్ గిల్, ఇంగిల్‌బరో కేవ్ కలిపి లోపలి దారులు 20 కిలోమీటర్ల మేర ఉన్నాయి. రేపటి సంగతి కూడా ఇక్కడే కొంత తెలుస్తుంది. నీరు తేటగా, నెమ్మదిగా పారుతుంటే పైన వాగు తగ్గి ఉన్నట్టు. టీ రంగుకు తిరిగి, హోరుతో పొంగుతుంటే మీద గట్టి వాన పడినట్టు. అలాంటప్పుడు రాత్రికి వాతావరణ సూచన చూసుకుని, దిగే రోజును మూడో రోజుకు జరుపుకునే ఆలోచన మొదలుపెట్టాలి.

రెండో రోజు: బిలం

ఏడింటికల్లా ఊరు వదలండి. ఆలస్యమైన ప్రతి అరగంటకూ వరుస పెరుగుతుంది, సెలవు రోజుల్లో నిరీక్షణ గంటల్లోకి పోతుంది. వారం మధ్య రోజులు మేలు. ఊరు సముద్రమట్టానికి 160 మీటర్ల ఎత్తున, బిలం 400 మీటర్ల ఎత్తున ఉన్నాయి. మధ్య దూరం నాలుగు కిలోమీటర్లు దాటుతుంది. మామూలు నడకకు గంటన్నర.

ఇంగిల్‌బరో కేవ్ దాటాక ట్రో గిల్ వస్తుంది. మంచుయుగం చివర కరిగిన నీళ్ళు కోసిన సున్నపురాతి కనుమ ఇది. ఇప్పుడు ఎండి ఉంటుంది. రెండు వైపులా గోడలు దగ్గరికొచ్చి, పైకొసన రాళ్ళ మీద చేతులు ఆనించి ఎక్కాల్సి వస్తుంది. వేల కాళ్ళు తొక్కి ఆ రాళ్ళు నున్నబడ్డాయి. తడిస్తే జారతాయి. దిగేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి, సాయంత్రం అలసిన కాళ్ళు తడబడేది ఇక్కడే. పైకి చేరాక రాతిగోడ వెంట దారి. గోడ దాటితే ఎదురుగా పచ్చిక మైదానం, అటు పక్క ఇంగిల్‌బరో శిఖరం, కాస్త నడిస్తే క్లబ్ గుడారాలు. మ్యాపు కావాలంటే ఆర్డినెన్స్ సర్వే ఓఎల్2. మబ్బు దిగితే మైదానం మీద దారి కనపడదు, ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, కాగితం మ్యాపు సంచిలో ఉండాల్సిందే.

గుడారంలో పేరు నమోదు చేయించుకుని, రుసుము కట్టి, వరుస సంఖ్య తీసుకోవాలి. కొంత నగదు దగ్గర ఉంచుకోండి. దిగిన ప్రతి ఒక్కరూ పైకి వచ్చారో లేదో క్లబ్ వాళ్ళు లెక్క చూసుకుంటారు కాబట్టి, నమోదయ్యాక చెప్పకుండా వెళ్ళిపోవద్దు. మీరు కింద ఉన్నారేమో అని వాళ్ళు వెతకాల్సి వస్తుంది.

వేచి ఉన్న ఆ సమయంలో బిలం చరిత్ర తెలిస్తే కళ్ళ ముందున్న పనిముట్ల విలువ తెలుస్తుంది. 1842లో జాన్ బర్క్‌బెక్ తాళ్ళ మీద దిగి, సుమారు 55 మీటర్ల లోతున ఒక రాతి అంచు దగ్గర ఆగిపోయాడు. ఆ అంచుకు ఆయన పేరే మిగిలింది. 1895 ఆగస్టు 1న ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఎడ్వర్డ్ ఆల్ఫ్రెడ్ మార్టెల్ తాళ్ళ నిచ్చెనల మీద, పైవాళ్ళతో టెలిఫోన్‌లో మాట్లాడుతూ, మొదటిసారి అడుగుకు చేరాడు. పక్కనే జలపాతం మీద పడుతుంటే తడిసిన నిచ్చెన మీద ఒక మనిషి వంద మీటర్లు దిగి, మళ్ళీ అంతా ఎక్కాడు. మరుసటి ఏడు యార్క్‌షైర్ రాంబ్లర్స్ క్లబ్ వాళ్ళు దిగారు. ఈనాటి వించ్ కుర్చీ ఆ పరంపరలోదే.

మీ సంఖ్య పిలిచేలోపు బట్టలు సరిచూసుకోండి. ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు జీన్స్ ప్యాంటు. తడిసిన నూలు బట్ట ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. లోపల ఉన్ని గానీ సింథటిక్ గానీ, పైన నీళ్ళు చొరని జాకెట్, అలాంటిదే ప్యాంటు, చీలమండ పట్టే బూట్లు, ఉన్ని టోపీ మీద హెల్మెట్, చేతికి గ్లవ్స్, ఒక హెడ్ టార్చ్. ఆగస్టే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. కింద ఏ నెలైనా అదే ఎనిమిది, తొమ్మిది డిగ్రీలు, దానికి తోడు తుంపర. చీర, చున్నీ, వేలాడే మఫ్లర్ ఏవీ కుర్చీలో కూడదు. కళ్ళద్దాలుంటే దారం కట్టుకోండి. చిన్న మెత్తని గుడ్డ ఒకటి ప్లాస్టిక్ సంచిలో ఉంచుకుంటే అద్దాలకూ కెమెరాకూ పనికొస్తుంది. కింద టాయిలెట్ ఉండదు, ముందే చూసుకోవాలి.

ఉక్కు తాడుకు వేలాడే కుర్చీని బిలం నోటి మీదికి చాచిన ఇనుప చట్రం నుంచి దింపుతారు. కుర్చీ గిరగిరా తిరక్కుండా పక్కన బిగువుగా లాగిన తీగలు పట్టి ఉంచుతాయి. పైన వించ్ నడిపే మనిషికి కిందివాళ్ళు కనపడరు. వాళ్ళు చెప్పే మాట మీదే కుర్చీ కదులుతుంది, ఆగుతుంది. మీరు చేయాల్సింది కొంచెమే: సంచి ఒళ్ళో పెట్టుకుని, అడ్డుకడ్డీ వేయనిచ్చి, మోచేతులు ఒంటికి ఆనించి, కాళ్ళు కుర్చీ కిందికి ముడుచుకోవాలి. ఫోటో కోసం చేయి బయటికి చాచొద్దు. పై భాగంలో గోడలు దగ్గరగా ఉంటాయి.

ఒక నిమిషం అటూ ఇటూగా దిగుడు అయిపోతుంది. మొదట ఫెర్న్‌లు, నాచు పట్టిన పచ్చని గోడలు. తర్వాత నీళ్ళు గీతలు గీతలుగా కోసిన నల్లని సున్నపురాయి. సగం దాటాక బర్క్‌బెక్ అంచు. ఆ కింద ఉన్నట్టుండి గోడలు రెండు వైపులా తప్పుకుంటాయి. ఛాంబర్ పైకప్పులోంచి మీరు శూన్యంలోకి వస్తారు, ఆఖరి 30 మీటర్లు చుట్టూ ఏమీ ఉండదు. ఎత్తంటే భయపడేవాళ్ళు కళ్ళు మూసుకోవడం కన్నా ఎదుటి గోడ మీద చూపు నిలపడం మేలు. వాగును మళ్ళించినా తుంపర పడుతూనే ఉంటుంది, ముఖం తడుస్తుంది.

కింద దిగగానే వెంటనే కుర్చీకి దూరం జరగండి, తర్వాతి మనిషి వస్తుంటాడు. పది నిమిషాలు ఒకచోట నిలబడండి. అప్పటిదాకా కళ్ళు చీకటికి అలవాటు పడవు, పై వెలుతురు ఒక్కటే కనిపిస్తుంది. మెల్లగా ఛాంబర్ ఆకారం తేలుతుంది: 129 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు, 31 మీటర్ల ఎత్తు. బ్రిటన్‌లో పైకి తెరుచుకున్న సహజ భూగర్భ గదుల్లో దీన్ని మించింది లేదు. నేల చదునుగా, గులకరాళ్ళతో నిండి ఉంటుంది. అంత ఎత్తు నుంచి పడే నీళ్ళు మధ్యలోనే విడిపోయి తెల్లని ముసురుగా మారతాయి. మళ్ళించిన నీళ్ళు కూడా వేరే కంతలోంచి ఇదే గదిలోకి వస్తాయి. తర్వాత వాగు ఎక్కడికీ పారదు, గులకరాళ్ళ సందుల్లోకి ఇంకి పోతుంది. నిన్న బెక్ హెడ్ దగ్గర చూసిన నీళ్ళు ఇక్కడినుంచే వెళ్ళాయి. పెద్ద వరదలో ఆ సందులు చాలక ఈ నేల మీద నీళ్ళు నిలుస్తాయి. వానకు వించ్ ఎందుకు ఆపుతారో ఇక్కడ నిలబడితే ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

బేలం గుహల్లో పాతాళగంగ దాకా వెళ్ళినవాళ్ళకు ఈ తేడా బాగా పడుతుంది. నంద్యాల జిల్లాలోని ఆ గుహ 3,229 మీటర్ల పొడవు, అన్నిటికన్నా లోతైన పాతాళగంగ 46 మీటర్లు. అక్కడ ఉక్కపోత, మెట్లు, సన్నని నీటిపాయ. రాయి రెండుచోట్లా సున్నపురాయే, దాన్ని కరిగించిందీ నీళ్ళే. కానీ బేలంను తవ్విన నీళ్ళు చాలావరకు వెళ్ళిపోయాయి. ఇక్కడ ఆ పని ఇంకా మన కళ్ళ ముందు జరుగుతోంది.

ఎండ కాసే మధ్యాహ్నం పూట బిలం నోట్లోంచి వెలుగు తుంపర మీద పడి కడ్డీలుగా దిగుతుంది. ఫోటోలకు అదే వేళ. ఫ్లాష్ వాడితే ఎదుట ఉన్న తుంపర చుక్కలే వెలిగి, వెనక ఏమీ రాదు. ఫ్లాష్ ఆపి, ఫోన్‌ను ఒక రాయికి ఆనించి, నైట్ మోడ్‌లో తీయండి. గదికి ఏదో ఒక కొసకు వెళితే తుంపర తగ్గుతుంది. జలపాతం పక్కన మనిషి నిలబడితేనే దాని ఎత్తు ఫోటోలో తెలుస్తుంది. గోడల్లోంచి లోపలికి పోయే దారులు చాలా ఉన్నాయి. వాటిలోకి సొంతంగా అడుగు పెట్టొద్దు. అవి ఒకదాన్నొకటి పోలి ఉంటాయి, ఒక్క టార్చ్‌తో వెళ్ళినవాళ్ళకు వెనక్కి దారి తెలియదు. క్లబ్ సభ్యులు ఎవరైనా చూపిస్తామంటే వాళ్ళ వెంటే వెళ్ళండి. గొర్రెలు మేసే కొండ మీది నీళ్ళు కాబట్టి తాగొద్దు.

పైకి రావడానికి మరో వరుస ఉంటుంది. మూడు దాటాక అందరూ ఒకేసారి తిరుగుముఖం పడతారు, ఆ చలిలో గంటసేపు నిలబడాల్సి రావచ్చు. ఒక గంట చూసి వరుసలో చేరడం తెలివైన పని. తినడానికి ఏదైనా, ఫ్లాస్కులో వేడి టీ వెంట ఉంటే ఆ వేళ అక్కరకొస్తాయి. పొద్దున చేసుకొచ్చిన పులిహోర ఈ చలికి సాయంత్రం దాకా చెడదు. ఊళ్ళో శాకాహారం దొరికేది కొద్దిగానే. పిల్లల్ని తీసుకొస్తే వయసు, బరువు నిబంధనలు ముందే అడగండి. చలి పిల్లలకు మనకన్నా ముందే ఎక్కుతుంది, వణుకు ఆగి మందకొడిగా మాట్లాడుతుంటే ఆలస్యం చేయకుండా క్లబ్ వాళ్ళకు చెప్పి పైకి పంపాలి.

మూడో రోజు: ఖాళీ రోజు

నిన్న వాన వల్ల దిగలేకపోతే ఈ రోజు బిలానిదే. దిగి ఉంటే, ఆకాశం తేటగా ఉంటే, వాగు పుట్టే చోటుకు ఎక్కండి. మళ్ళీ ట్రో గిల్ మీదుగా గేపింగ్ గిల్, అక్కడి నుంచి లిటిల్ ఇంగిల్‌బరో ఎక్కి 723 మీటర్ల శిఖరం. బిలం దగ్గర నుంచి గంటన్నర. కాళ్ళ కింద నేల మారడం గమనించండి. సున్నపురాతి మీద ఎక్కడా వాగు లేదు, పొడి పచ్చిక. దాని పైన షేల్, ఇసుకరాయి పొరల మీద పీట్ బురద, అడుగడుక్కీ సన్నని నీటిపాయలు. ఆ పాయలన్నీ కలిసి సున్నపురాతిని తాకిన చోటే నేలలోకి పోతాయి. శిఖరం చదునైన గ్రిట్‌రాతి (గరుకు ఇసుకరాయి) బల్ల, దాని చుట్టూ ప్రాచీన కోటగోడ ఆనవాళ్ళు. గాలి విపరీతంగా వీస్తుంది, మబ్బు కమ్మితే దిక్కు తెలియదు. దిక్సూచి లేకుండా ఎక్కొద్దు.

వాన ఆగకపోతే ఇంగిల్టన్ దగ్గర వైట్ స్కార్ కేవ్ ఉంది. 1923లో బయటపడిన గుహ ఇది. గైడుతో గంటన్నర లోపు చూపిస్తారు, లోపల చిన్న జలపాతాలు ఉన్నాయి, గోడల దగ్గర హోరు బాగా వినిపిస్తుంది. అతి వానకు ఇదీ మూసేస్తారు కాబట్టి ఫోన్ చేసి బయల్దేరండి. మోకాళ్ళు వంచి నడవాల్సిన చోట్లు కొన్ని ఉన్నాయి.

వించ్ లేని రోజుల్లో వచ్చేవాళ్ళకు ఒక మాట. గేపింగ్ గిల్‌ను పైనుంచి చూడవచ్చు, నీటి హోరు వినవచ్చు, అంతకుమించి వద్దు. కంచె దాటి అంచు దాకా పోవద్దు. బిలం నోటి చుట్టూ గడ్డి వాలుగా ఉండి, తడిస్తే పట్టు దొరకదు. వాగు పడక వెంట నడిచి వెళ్ళడం ఇంకా ప్రమాదం, నీళ్ళు కోసిన రాయి నున్నగా ఉంటుంది. తాళ్ళ మీద దిగడం నేర్చినవాళ్ళు ఎక్కువగా వాడేది పక్కనే ఉన్న బార్ పాట్ దారి. రెండు చోట్ల తాడు మీద దిగాలి, రెండోది 30 మీటర్లు దాటుతుంది, ఆ తర్వాత పాకుతూ, వంగుతూ పెద్ద ఛాంబర్‌కు చేరాలి. ఏదైనా కేవింగ్ క్లబ్‌లో చేరి, కొన్ని నెలలు తాడు పని నేర్చి, తెలిసినవాళ్ళ వెంట మాత్రమే వెళ్ళాల్సిన దారి అది.

ఏ రోజు వెళ్ళినా, ఎన్నింటికి తిరిగొస్తారో బసలో ఒకరికి చెప్పి వెళ్ళండి. ఆపద వస్తే 999కి ఫోన్ చేసి, ముందు పోలీసులను అడిగి, వాళ్ళకు కేవ్ రెస్క్యూ కావాలని చెప్పాలి. 1935లో మొదలైన కేవ్ రెస్క్యూ ఆర్గనైజేషన్ ఉండేది క్లాపమ్‌లోనే, అక్కడా స్వచ్ఛంద సభ్యులే. స్థలం చెప్పడానికి గేపింగ్ గిల్ గ్రిడ్ సంఖ్య ఎస్‌డి 751 727 రాసి జేబులో ఉంచుకోండి. సాయంత్రం లీడ్స్ బండికి ఊరి నుంచి స్టేషన్‌కు అరగంట నడక లెక్కేసుకోవాలి. ఆ బండి తప్పితే తర్వాతిది కొన్ని గంటలకు గానీ రాదు, ఆఖరిదైతే ఆ రాత్రి ఇక ఉండదు.